రాజ్యాంగ పరిషత్తులో రాధాకృష్ణన్ గారి వాణి: ఉత్సవోపన్యాసములపై ఒక పరిశీలనము

జాతీయోత్సవ దినములందు శాసనసభ్యులు చేయు ప్రసంగములను విమర్శకులు సాధారణముగా లెక్కకు గొనరు. అవి పూలదండల వంటివి. ఉదయమున వేసినవి సాయంకాలమునకు వాడిపోవును. వాడినవని ఎవరును బాధపడరు. దేశమును కొనియాడుట, త్యాగధనులను స్మరించుట, సభకు విచ్చేసినవారికి శుభము కోరుట, ఇంతటితో వక్త పని ముగియును. బియ్యము ధర, కచేరీలోని లంచము, బడిలో పిల్లవాడు చదువుచున్న భాష మొదలైన ప్రస్తావనలు ఆనాటికి అమంగళములు. వాటికి బడ్జెటు చర్చ వేరుగా ఉన్నదని పెద్దలందరును లోలోపల ఒక ఒప్పందమునకు వచ్చినట్లు తోచును. ఈ ఒప్పందమును పాటింపక, పండుగనాడే పద్దుపుస్తకమును తెరచి చూపిన వక్త తెలుగువారిలో ఒకరుండిరి. వారు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు.

రాధాకృష్ణన్ గారిని లోకము తత్త్వవేత్తగా, ఆచార్యునిగా, రాష్ట్రపతిగా ఎరుగును. వారి జన్మదినమైన సెప్టెంబరు 5వ తేదీని 1962 నుండి దేశము ఉపాధ్యాయ దినముగా జరుపుకొనుచున్నది. శాసననిర్మాణ సభలో సభ్యునిగా వారు పలికిన మాటలను మాత్రము విడిగా తీసి పరిశీలించుట అరుదు. 1946 డిసెంబరు 9న సమావేశమైన రాజ్యాంగ పరిషత్తులో వారు సంయుక్త రాష్ట్రము నుండి, అనగా నేటి ఉత్తరప్రదేశము నుండి, ఎన్నికైన సభ్యులు. ఆనాడు వారు కాశీ హిందూ విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలరు. జన్మస్థలము తిరుత్తణి. ఇంటిపేరు నెల్లూరు సీమలోని సర్వేపల్లిది. ఇంటిపేరు ఒక సీమది, పుట్టిన ఊరు వేరొక సీమది, ప్రాతినిధ్యము మూడవ సీమది. పూర్వుల ఊరికి వెలుపల తరతరములుగా నివసించు తెలుగు కుటుంబములకు ఇట్టి జాతకము కొత్తది కాదు.

ఆ తిరుత్తణి కథయు చెప్పదగినదే. 1888లో వారు జన్మించునాటికి అది ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడగా దానిలో చేరెను. 1953లో ఆంధ్ర రాష్ట్రముతో వచ్చెను. సరిహద్దుల సవరణ చట్టము ననుసరించి 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రమునకు పోయెను. ఊరు కదలలేదు, గీత కదలినది. ఆనాటికి ఆ ఊరిలో పుట్టిన బాలుడు భారత ఉపరాష్ట్రపతియై రాజ్యసభకు అధ్యక్షత వహించుచుండెను.

పరిషత్తులో వారి ప్రసంగములు సంఖ్యలో ఎక్కువ కావు. అధికరణము వెంబడి అధికరణమునకు సవరణలు తెచ్చి, కామా కొరకు సైతము పోరాడిన సభ్యులలో వారు లేరు. అట్టి శ్రమ దుర్గాబాయి గారిది. మద్రాసు నుండి ఎన్నికైన ఆమె, రాజ్యసభ సభ్యత్వమునకు కనీస వయస్సు 35 సంవత్సరములు కాదు, 30 చాలునని సవరణ తెచ్చి నెగ్గించుకొనిరి. రాధాకృష్ణన్ గారు లేచినది ప్రధానముగా మహాసందర్భములందే. 1947 జనవరి 20న ధ్యేయ తీర్మానముపై, జులై 22న జాతీయ పతాకముపై, ఆగస్టు 14 అర్ధరాత్రమున స్వాతంత్ర్య ప్రతిజ్ఞపై వారు ప్రసంగించిరి. మూడును ఉత్సవ సందర్భములే. మూడింటియందును వారు ఉత్సవమునకు మించిన మాట యేదో చెప్పిరి. ఆ మించిన మాట ఎంత దూరము పోయినది, ఎక్కడ ఆగిపోయినది అనునదే విచారింపవలసిన విషయము.

ధ్యేయ తీర్మానమును జవాహర్‌లాల్ నెహ్రూ గారు 1946 డిసెంబరు 13న ప్రతిపాదించిరి. ముస్లిం లీగు సభ్యులు పరిషత్తునకు రాలేదు. వారి రాకకై తీర్మానమును కొంతకాలము నిలుపవలెనని జయకర్ గారు సూచించిరి. చర్చ జనవరికి వాయిదా పడెను. తిరిగి చర్చ ఆరంభమైన దినముననే రాధాకృష్ణన్ గారు మాటలాడిరి. గణతంత్రమను భావము ఈ దేశమునకు పరాయిది కాదని వారి ప్రధానవాదము. ఉత్తరదేశపు వర్తకులు దక్షిణాపథమునకు పోగా అచ్చటి రాజు వారిని మీ రాజెవరని అడిగెననియు, కొన్ని దేశములు గణాధీనములు, కొన్ని రాజాధీనములు అని వారు బదులు చెప్పిరనియు ఒక పాతకథను వారు సభకు వినిపించిరి. పాణినిని, మెగస్తనీసును, కౌటిల్యుని సాక్ష్యమునకు పిలిచిరి. బుద్ధుడు కపిలవస్తు గణరాజ్యమునకు చెందినవాడని జ్ఞాపకము చేసిరి. పిమ్మట ఇంకొక మెట్టు ఎక్కి, ప్రజలకు సైతము పరమాధికారము లేదు, రాజును ప్రజయు ఇరువురును ధర్మమునకు లోబడినవారే, బలమునకు బలమైనది ధర్మమే అని ఉపనిషత్తు ననుసరించి చెప్పిరి.

ఈ వాదమునందలి బలమును ముందుగా అంగీకరింపవలెను. ఆనాడు ఇంగ్లండులోని పెద్దలు కొందరు భారతీయులకు ప్రజాస్వామ్యము అరువు వస్త్రమని హేళన చేయుచుండిరి. వారికి వారి విద్యాశాలలలోనే ఆచార్యత్వము నెరపిన వ్యక్తి పాణిని సూత్రముతో బదులు చెప్పుట తగిన సమాధానమే. రెండవ మాట ఇంకను విలువైనది. స్వాతంత్ర్యము చేతికి రాకమునుపే, రాబోవు అధికారమునకు ఒక హద్దు కలదని చెప్పుట సామాన్యమైన ధైర్యము కాదు. సభ నిండ ఆ అధికారమును అందుకొనబోవువారే కూర్చుండియుండిరి.

కాని సాక్ష్యము పూర్తిగా పరీక్షకు నిలుచునా? పూర్వపు గణరాజ్యములలో సభకూడి మాట చెల్లించుకొన్నవారు ప్రధానముగా క్షత్రియ కులముల పెద్దలు. పొలము దున్నిన దాసులకును, కూలివారికిని ఆ సభలో ఆసనము లేదు. శాక్యుల సభలో వారి మాట వినిపించెనని ఏ చరిత్రకారుడును చెప్పలేదు. రాధాకృష్ణన్ గారికి ఈ సంగతి తెలియదనుట హాస్యాస్పదము. వారు దానిని విడిచిపెట్టినది సందర్భమును బట్టి. ఉత్సవమునకు పూర్వుల వైభవము కావలెను. పూర్వుల కూలివాడు అక్కర లేదు.

ఆ విడిచిపెట్టిన కూలివానిని అదే తీర్మానముపై అదే సభలో మరియొక తెలుగు సభ్యుడు, అంతకు కొలది వారములు ముందుగనే, పేరుపెట్టి పిలిచియుండెను. 1946 డిసెంబరులో ఆచార్య ఎన్.జి. రంగా గారు చేసిన ప్రసంగము ఈ సందర్భమున స్మరింపదగినది. నిడుబ్రోలు రైతుకుటుంబమున పుట్టి, ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రము చదివి, మద్రాసు పచ్చయప్ప కళాశాలలో బోధించిన రంగా గారు ఆ దినమున అడిగినది ఒకే ప్రశ్న: ఈ దేశమున నిజమైన అల్పసంఖ్యాకులెవరు? హిందువులు, సిక్కులు, ముస్లిములు అని లెక్క వేయుచున్న సభకు వారు చెప్పిన ఉత్తరము వేరు. ఈ దేశపు సామాన్య ప్రజలే నిజమైన అల్పసంఖ్యాకులని వారనిరి. చట్టము వద్దన్నను వర్తకుడు గిరిజనుని భూమిని లాగికొనుటయు, అప్పుపత్రముతో అతనిని వంశపారంపర్యపు వెట్టివానిగా చేయుటయు, పల్లెలో వడ్డీవ్యాపారియు జమీందారును రైతుపై పడుటయు వారు వరుసగా వర్ణించిరి. కాగితముపై హక్కులు వ్రాసినంత మాత్రమున వీరికి ఒరిగినదేమని వారి వాదము.

ఇరువురు ఆచార్యులే. ఇరువురు ఆక్స్‌ఫర్డుతో సంబంధము కలవారే. ఒకరు అచ్చట బోధించిరి, ఒకరు అచ్చట నేర్చిరి. ఒకరు శిఖరము మీద నిలిచి చూచిరి, ఒకరు గట్టు మీద నిలిచి చూచిరి. రాధాకృష్ణన్ గారి వాక్యము వినుటకు మధురము, జ్ఞాపకముంచుకొనుటకు సులభము. రంగా గారి వాక్యము గరుకు, పునరుక్తులు మెండు, ఆవేశము తర్కమును తొందరపెట్టును. ఐనను ధర్మమే పరమాధికారి అను సిద్ధాంతమునకు, ఆ ధర్మము ఏ గడప వద్ద విఫలమగుచున్నదో చూపిన రంగా గారి జాబితా లేనిదే అర్థము పూర్తికాదు. ఆ రెండు ప్రసంగములను పక్కపక్కన చదువుకొన్న పాఠకునకే ధ్యేయ తీర్మానము మీది చర్చ సమగ్రముగా బోధపడును.

పతాక ప్రసంగము చిన్నది. రంగులకు అర్థము చెప్పుట ఇట్టి సందర్భములలో అందరును చేయు పనియే. రాధాకృష్ణన్ గారును చేసిరి. కాషాయము నిస్స్వార్థమునకు, తెలుపు సత్యమార్గమునకు, ఆకుపచ్చ నేలతోడి సంబంధమునకు గుర్తులనిరి. అంతవరకు ఏ పాఠశాల ప్రధానోపాధ్యాయుడైనను చెప్పగలడు. అశోకచక్రమునకు వచ్చునప్పటికి మాత్రము వక్త స్వరూపము మారినది. చక్రము తిరుగునది, కదలికయే ప్రాణము, నిలుకడయే మరణము అని చెప్పి, సనాతన ధర్మమను మాటను వారు చేతిలోనికి తీసికొనిరి. ధర్మము సనాతనమగుట బ్యాంకిలో వేసి తాళము పెట్టిన ఫిక్సెడ్ డిపాజిట్టు వంటిది యగుటచేత కాదు, నిరంతరము మారుచుండియు తెగిపోక సాగుటచేత అని వారి వివరణము. సాంఘిక వ్యవస్థయందును ముందునకు సాగకతప్పదని హెచ్చరిక.

ఈ ఉపమానము అపూర్వమైనది. వేదాంతమునకు బ్యాంకు భాష! జెండాను గూర్చిన సభలో సనాతనమను మాటను కదలని రాయిగా వాడుకొను అవకాశము ఎవరికిని ఈయక, దానిని ముందుగనే కదిలించి పెట్టినారు. వారి సూత్రభాష్యములు చదువనివారికి సైతము ఈ ఒక్క మాట బోధపడును. పరిషత్తులో వారు చేసిన ఉపకారములలో దీనిని చిన్నదిగా ఎంచరాదు. కదలిక ఎటువైపు, ఎవరి చేత, ఏ చట్టముతో అను ప్రశ్నలకు మాత్రము ఇచ్చటను జవాబు లేదు.

ఇక ఆగస్టు 14. రాత్రి 11 గంటలకు సభ ఆరంభమయ్యెను. సుచేతా కృపలానీ గారు వందేమాతరము పాడిరి. అధ్యక్షులు రాజేంద్రప్రసాద్ గారు ప్రసంగించిరి. నెహ్రూ గారు ప్రతిజ్ఞను ప్రతిపాదింపగా చౌధురీ ఖలీకుజ్జమాన్ గారు బలపరచిరి. పిమ్మట రాధాకృష్ణన్ గారు. సరిగా పన్నెండు గంటలకు ప్రతిజ్ఞ చేయవలెను గనుక ఆ వేళవరకు ప్రసంగమును నడపవలెనని వారికి నెహ్రూ గారి కోరిక. గడియారమునకు కట్టుబడిన ప్రసంగము ఊకదంపుడగుట సహజము. ముందు మాటలాడిన నెహ్రూ గారి ప్రసంగము లోకమున నిలిచిపోయినది. దాని వెంట మాటలాడుట అదృష్టమో దురదృష్టమో చెప్పలేము. ఆ రాత్రి ప్రసంగములలో పాఠ్యపుస్తకములకు ఎక్కినది మొదటిదే. రెండింటిని తూచి చూచినచో భావావేశము మొదటిదానియందును, ఆత్మపరీక్ష రెండవదానియందును ఎక్కువగా కనిపించును.

రాధాకృష్ణన్ గారు ఆ రాత్రి బ్రిటిషువారిని దూషింపలేదు. డచ్చివారు ఇండోనేషియాలో చేయుచున్నదియు, ఫ్రెంచివారు తమ స్థావరములను పట్టుకొని వ్రేలాడుచున్నదియు చూచినప్పుడు బ్రిటిషువారి రాజనీతిని, ధైర్యమును మెచ్చుకొనక తప్పదనిరి. ఢిల్లీలో కూర్చున్నవారికి ఇది అంతర్జాతీయ నీతి. గోదావరి తీరమున కాకినాడకు కొలది దూరములోనున్న యానాము తెలుగువారికి ఇది ఇంటి సంగతి. ఆ అర్ధరాత్రమున యానాము మీద ఎగిరినది ఫ్రెంచి జెండాయే. అచ్చట పరిపాలన భారతదేశమునకు సంక్రమించినది 1954 నవంబరు 1న. న్యాయరీత్యా విలీనము పూర్తియైనది 1962 ఆగస్టు 16న. ఉత్సవ ప్రసంగములో ఒక్క ఉపవాక్యముగా దొర్లిన మాట వెనుక తెలుగు ఊరొకటి మరి ఏడేండ్లు వేచియున్నదని ఆ వాక్యమును చదువువారు గుర్తుంచుకొనుట మంచిది. నైజాము రాజ్యములోని తెలుగువారి పాలిటికిని ఆ రాత్రి పండుగ కాదు. వారి కథ 1948 సెప్టెంబరు వరకు సాగినది.

బ్రిటిషువారిని మెచ్చుకొన్న పిమ్మట వక్త తనవారి వైపు తిరిగిరి. దాస్యమునకు కారణము పరాయివాని బలము మాత్రమే కాదు, జాతి శీలములోని దోషములు కూడ అనిరి. ఇంటిలోని నిరంకుశత్వము, పరమత ద్వేషము, సంకుచితత్వము, మూఢవిశ్వాసము అని వాటిని పేర్కొనిరి. ఆపై చెప్పిన మాట ఆ రాత్రికి తలమానికము. ఈ అర్ధరాత్రము నుండి నిందను బ్రిటిషువాని మీద వేయుటకు వీలులేదు. చేయుదానికి బాధ్యత తమదే యగును. సామాన్యునకు తిండి, గుడ్డ, ఇల్లు, సాంఘిక సౌకర్యములు ఎంతవరకు సమకూర్చెనను దానిని బట్టియే స్వతంత్ర భారతము విలువ తేలును. పెద్ద స్థానములలోని అవినీతిని, బంధుప్రీతిని, అధికార వ్యామోహమును, అధిక లాభాపేక్షను, నల్లబజారును వేరుతో పెకలింపనిదే పరిపాలనయు బాగుపడదు, ఉత్పత్తియు బాగుపడదు. సామర్థ్యమును మించిన అధికారము చేతికి వచ్చినచో చెడుకాలము దాపురించును.

ముహూర్తవేళ పురోహితుడు మంగళాష్టకములు ఆపి, పెండ్లికుమారుని అప్పుల చిట్టా చదివినట్లున్నది! ఐనను ఎవరును నొచ్చుకొన్న జాడ లేదు. దానికి కారణము వక్త శైలి. దోషములన్నియు నామవాచకములుగనే వచ్చినవి. అవినీతి అనిరి, అవినీతిపరుడు అనలేదు. బంధుప్రీతి అనిరి, ఎవరి బంధువో చెప్పలేదు. యుద్ధకాలమునుండి ప్రబలిన నల్లబజారు ఆనాటి ప్రతి గృహిణికి అనుభవములోనిది. దానిని అరికట్టవలసిన శాఖ యేదో, అధికారి యెవరో ప్రస్తావన లేదు. కర్తలేని వాక్యము వినువారినందరిని తాకును; అందుచేతనే ప్రత్యేకముగా ఎవరిని తాకదు. మరునాడు మంత్రులు కాబోవువారు ఆ వాక్యములను వినిరి, తలలూపిరి. తలయూపుట సులభమైన విమర్శకు ఆయువు తక్కువ. ఇదే ఆ ప్రసంగములోని బలహీనత. అదే మాటలను బడ్జెటు చర్చలో పలికియుండినచో మంత్రి లేచి జవాబు చెప్పవలసివచ్చెడిది.

ప్రసంగాంతమున వారు స్వరాజ్య శబ్దమునకు మనువు చెప్పిన అర్థమును తీసికొనిరి. సర్వభూతములయందు తన్ను, తనయందు సర్వభూతములను చూచువాడే స్వరాజ్యమును పొందును. ఎదుటి మనిషిలో దైవమును చూడగల సహనమే స్వరాజ్యమని వారి తాత్పర్యము. దేశము మతము పేరిట రెండుగా చీలుచున్న గడియలో ఇది ఎంత అవసరమైన వాక్యమో చెప్పనక్కరలేదు. కాని ఈ సహనము వక్త హృదయమున నుండిన చాలదు, చట్టమున నుండవలెనని ఇతర రాష్ట్రములలో స్థిరపడిన తెలుగువారికి అనుభవము నేర్పినది.

ఈ సంగతిని కొంత వివరముగ చూడవలసియున్నది. రాజ్యాంగము 29వ అధికరణము భాషను, లిపిని, సంస్కృతిని నిలుపుకొను హక్కు నిచ్చెను. 30వది అల్పసంఖ్యాకులకు విద్యాసంస్థలు నడుపుకొను హక్కు నిచ్చెను. రాష్ట్రముల పునర్విభజన జరిగిన 1956లో, ఏడవ సవరణ ద్వారా 350ఎ, 350బి చేరినవి. మొదటిదాని ప్రకారము అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు సౌకర్యములు కల్పించుటకు ప్రతి రాష్ట్రము యత్నింపవలెను. రెండవది వారి రక్షణల పరిశీలనకు ఒక ప్రత్యేకాధికారిని ఏర్పరచెను. బళ్లారి తెలుగువాడు, బరంపురము తెలుగువాడు, హోసూరు తెలుగువాడు తన బడి కొరకు అర్జీ వ్రాసినప్పుడు ఉదాహరించునది ఈ అంకెలనే. అర్ధరాత్రపు ప్రసంగమును కాదు. యత్నింపవలెను అను క్రియాపదము ఎంత బలహీనమైనదో ఆ అర్జీదారునకు తెలియును. ప్రాథమికము అను విశేషణము అయిదవ తరగతి దాటగనే ఎట్లు గోడయై నిలుచునో కూడ తెలియును. తమిళనాడులో 2006నాటి తమిళ అభ్యసన చట్టము తమిళమును పాఠశాలలలో విధిపాఠ్యముగా చేసినప్పుడు అచ్చటి తెలుగు విద్యార్థుల సమస్య న్యాయస్థానము వరకు నడచినది. రాష్ట్రభాషను నేర్చుటకు వారికి అభ్యంతరము లేదు. తరతరములుగా నేర్చియే యున్నారు. తమ భాషకు పరీక్షలో చోటెక్కడ అనునదే ప్రశ్న.

ఇట్టి విషయములు రాధాకృష్ణన్ గారికి పట్టలేదనుట అన్యాయము. 1948లో నియమితమైన విశ్వవిద్యాలయ విద్యా సంఘమునకు వారే అధ్యక్షులు. 1949లో వెలువడిన ఆ సంఘపు నివేదికలో బోధనభాష, పరీక్షలు, ఉపాధ్యాయుల వేతనములు, గ్రామీణ విశ్వవిద్యాలయములు అన్నియు కూలంకషముగా చర్చింపబడినవి. ఉన్నతవిద్యలో ఆంగ్లమునకు బదులు వీలైనంత త్వరలో భారతీయభాష రావలెననియు, విద్యార్థికి ప్రాంతీయభాష, సమాఖ్యభాష, ఆంగ్లము మూడును తెలిసియుండవలెననియు ఆ సంఘము సూచించెను. వేదికమీద ధర్మము చెప్పిన మనిషియే బల్లముందు కూర్చుండి పరీక్షల మార్కులను విచారించెను. కావున ప్రసంగములలోని అస్పష్టత మనస్సులోని అస్పష్టత కాదు. ఉత్సవమను ప్రక్రియ వేసిన సంకెల అని గ్రహింపవలెను.

ఐనను ఆ నివేదికలో ఒక పదము తెలుగు ప్రవాసులను ఆపివేయును. అది ప్రాంతీయభాష. తిరుత్తణిలో ప్రాంతీయభాష ఏది? 1959లో తెలుగు, 1960 ఏప్రిల్ మొదలు తమిళము. ప్రాంతీయభాషయు మాతృభాషయు ఒకటియే యని తలచి వ్రాసిన ప్రణాళికలో, ఆ రెండును వేరైన పిల్లవాని కొరకు నాలుగవ స్థానము లేదు. నాలుగు భాషలు చదువుట ఆ పిల్లవానికి వింత కాదు. ఇంటిలో ఒకటి, వీధిలో ఒకటి, బడిలో రెండు ఎట్లును ఉన్నవే. మూడింటి లెక్కలో రాలిపోవునది ఇంటిభాషయే. సంఘాధ్యక్షుని ఇంటిభాష ఆ రాలిపోయిన కోవలోనిదే యగుట విధి చమత్కారము.

రాజ్యసభాధ్యక్షులుగా వారు గడపిన పది సంవత్సరములలో సభ కుటుంబసమావేశమువలె నడచెనని నెహ్రూ గారు మెచ్చుకొనిరి. అధ్యక్షపీఠము అభిప్రాయములు చెప్పు స్థానము కాదు గనుక ఆ కాలమును దాటిపోవచ్చును. రాష్ట్రపతియు పార్లమెంటులో ఒక అంగమేనని రాజ్యాంగము 79వ అధికరణము చెప్పుచున్నది. ఆ హోదాలో వారు పలికిన రెండు మాటలు 1947నాటి ప్రసంగమునకు అనుబంధములుగా చదువదగినవి. 1962లో చైనా సైన్యములు సరిహద్దు దాటినప్పుడు, ఇది ప్రభుత్వపు అమాయకపు నమ్మకమునకును, అశ్రద్ధకును ఫలమని వారు బహిరంగముగా అనిరి. రాష్ట్రపతి తన ప్రభుత్వమునే తప్పుపట్టుట అపూర్వము.

రెండవది 1967 జనవరి 25వ తేదీ రాత్రి చేసిన రేడియో ప్రసంగము. పార్లమెంటులో రాష్ట్రపతి చదువు ప్రసంగము మంత్రివర్గము సిద్ధపరచునది. గణతంత్ర దినోత్సవపు ముందురాత్రి సందేశమున వక్తకు కొంత ఊపిరి యుండును. వారు ఆ ఊపిరిని వాడుకొనిరి. నాటి పరిస్థితి దారుణము. వరుసగా రెండేండ్లు వానలు లేవు, బీహారున కాటకము. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గింపబడెను. అదే నవంబరు 1న ఉక్కు కర్మాగారమునకై విశాఖపట్టణములో ఆందోళన చేసినవారిపై కాల్పులు జరిగెను. ఈ నేపథ్యమున, కష్టములన్నిటికి తగిన మినహాయింపు ఇచ్చినను, విస్తారమైన అసమర్థతను, దేశ వనరుల ఘోరమైన దుర్వినియోగమును క్షమింపజాలమని రాష్ట్రపతి పలికిరి.

ఇరువది యేండ్ల క్రిందట అర్ధరాత్రమున వారే వ్రాసియిచ్చిన పత్రమునకు ఇది వసూలు నోటీసు. తిండి, గుడ్డ, ఇల్లు అని ఆనాడు పెట్టిన కొలబద్దతోనే ఈనాడు కొలిచిరి. 1947లో దోషములు జాతివి. 1967లో దోషము పాలనది. ఇంతవరకు వచ్చుటకు ఇరువది యేండ్లు పట్టెను. ఈమారు కూడ పేర్లు లేవు, శాఖలు లేవు. ఐనను క్షమింపజాలము అను క్రియకు కర్త మనము అను మాట; వాక్యములో కర్త తొలిసారిగా కనిపించెను. ఎన్నికలు కొలది వారములలో ఉండగా ఆ కర్త ఎవరో వినువారికి విప్పిచెప్పనక్కరలేదు.

2022లో స్వాతంత్ర్యమునకు 75 సంవత్సరములు నిండిన సందర్భమున దేశమంతట ఇంటింట జెండాలు ఎగిరినవి. తెలుగు సంఘముల వేదికలకు సైతము ఆగస్టు 15, జనవరి 26 కొత్తవి కావు. వందన సమర్పణలో ఎన్ని పేర్లు చదివినను, ఊరిలో తెలుగు బడి యెందుకు మూతపడినదను మాట ఆ వేదికపై వినబడుట అరుదు.

1967 ఫిబ్రవరి ఎన్నికలలో మద్రాసుతో సహా పెక్కు రాష్ట్రములలో కాంగ్రెసు అధికారము కోల్పోయెను. రంగా గారు శ్రీకాకుళము నుండి లోకసభకు ఎన్నికైరి. వారు వ్యవస్థాపకాధ్యక్షులుగా నడపిన స్వతంత్ర పక్షము 44 స్థానములతో ప్రతిపక్షములలో మొదటిదిగా నిలిచెను. మే 13న రాధాకృష్ణన్ గారు పదవి విడిచి మద్రాసు మైలాపూరులోని గిరిజ అను తమ ఇంటికి తిరిగి వచ్చిరి. 1975 ఏప్రిల్ 17న దివంగతులైరి. ఆ యింటి ముందరి ఎడ్వర్డ్ ఇలియట్స్ రోడ్డునకు తరువాత వారి పేరే పెట్టబడెను.